మేడ్చల్ దాకా

ఆ సోమవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: మా చిన్నాయన విజయేందర్, చిన్నమ్మ అనుపమ, వాళ్ల కూతురు మంజూష అక్క, ముందురోజే ఊరి నుంచి వచ్చిన మా బాపమ్మ లచ్చమ్మ, నేను. రెండు టెంట్లు కూడా ఉన్నాయి. వాటిని మనుషులతో కలిపి ఎందుకు చెబుతున్నానంటే కారులో ఐదో సీటు వాటికి ఇచ్చారు.

కారు ఏడు సీట్లది. వెనక వరుస మడిచి గ్యాస్ పొయ్యి, గిన్నెలు, బియ్యం, పచ్చళ్లు, స్లీపింగ్ బ్యాగులు సర్దారు. ముందు మిగిలినవి ఐదు. చిన్నాయన, చిన్నమ్మ, మంజూష అక్క కూర్చోగా నాలుగోది ముషర్రఫ్ భాయ్‌ది. ఆయన ఉండేది పంజాగుట్టలో. చిన్నాయనతో కలిసి ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెబుతాడు. లద్దాఖ్ దాకా సగం దూరం ఆయనే నడపాలి. ఐదో సీటు టెంట్లది. వానలో కారు దిగగానే మొదట చేతికి అందాల్సింది టెంటు, సామాను కింద పెడితే అందదు, కారు మీద కడితే తడుస్తుంది అని చిన్నాయన అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆ వాక్యం ట్రిప్ నోట్స్‌లో రాసింది నేనే.

నాకు ఆ సీటు కావాలి. ఎవరికీ చెప్పలేదు. అడిగితే కాదంటారేమో అన్న భయం కూడా కాదు. అడగాల్సిన మాట గొంతు దాకా వచ్చి, అక్కడ కాసేపు ఉండి, తిరిగి వెళ్లిపోతుంది.

నేను పదో తరగతి మా ఊరి జిల్లా పరిషత్ బడిలో చదివాను. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చేలోపు కంప్యూటర్ నేర్చుకోమని మా నాయన నన్ను అమీర్‌పేటకు, చిన్నాయన ఇంటికి పంపించాడు. చిన్నాయన ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాడు. అమీర్‌పేటలో పాఠం కంటే నోట్స్ ముఖ్యం. సార్ చెప్పింది దస్తూరి బాగున్న ఒకరు రాస్తారు. దాన్ని జిరాక్స్ తీసి, స్పైరల్ కట్టించి బ్యాచ్ అంతా ఒక్కో కాపీ తీసుకుంటారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. నేను వచ్చిన వారానికే చిన్నాయన తెల్లకాగితాల కట్ట ఇచ్చి, "లద్దాఖ్ ట్రిప్ మొత్తం రన్నింగ్ నోట్స్ లెక్క రాయి సుకన్యా" అన్నాడు.

ఆయన ఇంటర్‌నెట్‌లో చూసి చెప్పాడు, నేను రాశాను. మూడు వారాలు పట్టింది. యాభై ఎనిమిది పేజీలు. మొదటి రోజు నాగపూర్, రెండో రోజు ఝాన్సీ, ఐదో రోజు మనాలి. చంద్రతాల్ సరస్సు పద్నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. ఒడ్డున టెంటు వేయనివ్వరు, దూరంగా వేసుకుని నడిచి రావాలి. పాంగాంగ్ నీళ్లు ఉప్పగా ఉంటాయి, అయినా చలికాలం గడ్డకడతాయి. ఎత్తుకు చేరిన మొదటి రోజు పరుగెత్తకూడదు. ముఖ్యమైన చోట్ల పక్కన నక్షత్రం గీయమని చిన్నాయన చెప్పాడు. సరస్సుల దగ్గర ఆయన చెప్పకపోయినా గీశాను. నేను అప్పటిదాకా చూసిన పెద్ద నీళ్లు హుస్సేన్‌సాగర్. అది కూడా బస్సు కిటికీలోంచి, నిలబడి.

నోట్స్ ఐదు కాపీలు తీయించారు. ఎవరి కాపీ మీద వాళ్ల పేరు రాసుకున్నారు. ఐదోది ఇన్‌స్టిట్యూట్ బీరువాలో పెట్టారు.

ఆదివారం డాబా మీద టెంటు డెమో జరిగింది. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటి రోజు ఉచిత డెమో ఉంటుంది. చిన్నాయన పదిహేడో పేజీ తీసి గట్టిగా చదివాడు. ముషర్రఫ్ భాయ్ రాడ్లు పట్టుకున్నాడు. మంజూష అక్క వీడియో తీసింది. మా డాబాను ఆనుకుని లేడీస్ హాస్టల్ ఉంది. ఆదివారం కాబట్టి పదిమంది దాకా తలలు ఆరబెట్టుకుంటూ పిట్టగోడ దగ్గర నిలబడ్డారు.

"రూమ్ ఎవరికండీ?" అని వాళ్లలో ఒకామె అడిగింది. "డబుల్ షేరింగా, త్రీ షేరింగా?"

"త్రీ షేరింగ్" అన్నాడు ముషర్రఫ్ భాయ్.

"ఫుడ్ ఉంటుందా?"

"ఫుడ్ ఉంటది. బాత్రూమే లేదు."

"మా దగ్గరా అంతేలెండి" అన్నది ఆమె. మిగతావాళ్లు నవ్వారు.

టెంటు లేచి, ఒక పక్కకు ఒరిగి, చిన్నాయన మీద పడింది. హాస్టల్ ఆమె లోపలున్న చిన్నాయనకు వినబడేలా, "అంకుల్, రాడ్లు అడ్డంగా కాదండీ, ఐమూలగా పెట్టాలి" అన్నది. "నోట్స్‌ల అట్ల లేదమ్మా" అని టెంటు లోపలి నుంచి జవాబు వచ్చింది. నోట్స్‌లో అట్లాగే ఉంది. ఆయన పేజీ తిప్పలేదు.

మా ఊళ్లో వడ్లు ఆరబోసినప్పుడు మబ్బు పడితే టార్పాలిన్ కట్టే పని నాది. రాడ్లు రెండూ ఐమూలగా దూర్చి, నాలుగు మూలలూ లాగి కట్టాను. పదకొండు నిమిషాలు పట్టింది. చిన్నాయన టెంటు చుట్టూ ఒకసారి తిరిగి, "చూసిండ్రా, నోట్స్ ఎంత క్లియర్‌గ ఉన్నయో" అన్నాడు.

ఆ సాయంత్రం బాపమ్మ ఊరి నుంచి దిగింది. చాయ్ గ్లాసు చేతికి ఇవ్వగానే ప్రయాణం ఎప్పుడని అడిగింది.

"బుధవారం పొద్దుగాల" అన్నాడు చిన్నాయన.

"ఎటు దిక్కు?"

"ఉత్తరం."

బాపమ్మ గ్లాసు కింద పెట్టింది. "మంగళారం, బుధారం ఉత్తరం శూల. ఎవడన్న పోతడా?"

"అమ్మా, బ్యాచ్ మంగళవారం అయిపోతది. బుధవారం రాత్రికి నాగపూర్‌ల రూమ్ బుక్ చేసిన."

"అయితే పో. నేనేమన్న నీ కాళ్లు పట్టుకున్ననా."

చాయ్ ముట్టుకోలేదు. దాని మీద మీగడ కట్టింది. చిన్నాయన ఆ మీగడను చాలాసేపు చూసి, "మరేం చేయాలె చెప్పు" అన్నాడు.

"రేపు సోమారం మంచిగున్నది. పరస్తానం పెట్టుండ్రి."

ప్రస్థానం అంటే ఇది. మంచి రోజున మనుషులు బయలుదేరలేకపోతే, వాళ్లు ఒంటి మీద వేసుకునేవి మూటకట్టి, మంచి సమయంలో గడప దాటించి, వేరేవాళ్ల ఇంట్లో ఉంచుతారు. మూట పోయిందంటే మనిషి పోయినట్టే. ఆ తర్వాత ఏ రోజు బయలుదేరినా దోషం అంటదు. దారిలో మూట తీసుకుని ముందుకే పోవాలి, ఇంటికి మాత్రం తేకూడదు.

చిన్నాయనకు ఇది వెంటనే అర్థమయింది. "అంటే వెబ్ చెకిన్" అన్నాడు.

మూట ముషర్రఫ్ భాయ్ ఇంట్లో పెట్టాలని అనుకున్నారు. బుధవారం ఆయనను ఎక్కించుకోవడానికి ఎలాగూ అక్కడ ఆగాలి. పోయే దిక్కునే పెట్టాలె అని బాపమ్మ చెప్పింది. పంజాగుట్ట మా ఇంటికి దక్షిణాన ఉంటుంది. బాపమ్మ అడగలేదు, చిన్నాయన చెప్పలేదు.

సోమవారం పొద్దున ఏడు పది నుంచి ఏడున్నర లోపల మూట గడప దాటాలి. ఏడున్నరకు చిన్నాయనకు క్లాసు. ఆయన తన కోతిటోపీ ఇచ్చి బూట్లు వేసుకోసాగాడు. చిన్నమ్మ శాలువా ఇచ్చింది. మంజూష అక్క ఒక క్రీము ట్యూబు తెచ్చి ఇచ్చింది.

"ఒంటి మీద ఉండేది అడిగిన" అన్నది బాపమ్మ.

"ఇది కూడా ఒంటి మీదనే ఉంటది బాపమ్మా. ఎండకు."

"బట్ట తే."

"బట్టలన్నీ ప్యాక్ అయినయి. మళ్ల విప్పితే బ్యాగు మూతపడదు. నిన్న ముగ్గురం కూసుండి మూసినం దాన్ని."

బాపమ్మ ట్యూబును శాలువాలో పెట్టింది. పసుపు బియ్యం వేసింది. కట్టడానికి గుడ్డ కావాలి. తువ్వాళ్లన్నీ కారులోకి వెళ్లిపోయాయి. ఏడు ఇరవై ఐదయింది. బాపమ్మ బాల్కనీలోకి వెళ్లి, దండెం మీద ఆరేసిన నీలం చున్నీ లాగి, నాలుగు చెంగులూ కలిపి ముడివేసింది. "కింద పెట్టకు" అని నా చేతికి ఇచ్చింది.

ఆ చున్నీ నాది. నాకు తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

మెట్రోలో పంజాగుట్ట ఒక్క స్టేషన్. అమీర్‌పేట స్టేషన్‌లో సంచులు తనిఖీ మిషన్‌లోంచి పోవాలి. యూనిఫాం వేసుకున్న మేడమ్ మూట బెల్టు మీద పెట్టమన్నది. నేను పెట్టలేదు.

"ఏమైంది? పెట్టు."

"కింద పెట్టొద్దన్నారు" అన్నాను.

"ఎవరు?"

"బాపమ్మ."

నా వెనక ఆఫీసులకు పోయేవాళ్లు పెద్ద వరుస. మేడమ్ మూటను చూసింది. పసుపు బియ్యం రెండు గింజలు ముడి దగ్గర బయటికి వచ్చి ఉన్నాయి. "పరస్తానమా?" అన్నది. తల ఊపాను. "బెల్టు నడుస్తది కదా. నడిచేది కింద పెట్టినట్టు కాదు. పెట్టు." పెట్టాను. మూట నాకంటే ముందు అవతలికి పోయింది.

ముషర్రఫ్ భాయ్ వాళ్ల అమ్మ ఇక్బాల్ బేగం తలుపు తీసింది. కొడుకు ముందే ఫోన్‌లో చెప్పాడట. మూటను రెండు చేతులా అందుకుని, అల్మారీలో పై అరలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది. "అమానత్ కదా బేటా. ఒకరు దాచమని ఇచ్చినది. బుధవారం దాక నా కొడుకు అడిగినా ఇయ్య" అన్నది. తర్వాత, "నువ్వు సుత పోతున్నవా?" అని అడిగింది.

"లేదు."

"ఎందుకు?"

"టెంట్లు ఉన్నాయి."

"టెంట్లు ఒక్కటే పోయి ఏం చేస్తయి" అన్నది.

సాయంత్రం చిన్నమ్మ ఆరిన బట్టలు మడత పెడుతూ, "సుకన్యా, నీ నీలం చున్నీ కనబడుత లేదేంది? గాలికి హాస్టల్ దిక్కు పడిందా?" అన్నది.

"మూటకు కట్టింది" అన్నాను.

బాపమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండా, "ఏ మూటకు?" అన్నది, కట్టింది తాను కానట్టు.

"పరస్తానం మూటకు అత్తమ్మా. నువ్వు కట్టినవ్ కదా" అన్నది చిన్నమ్మ.

"చేతికందింది కట్టిన. టైం అయిపోతుండె." బాపమ్మ ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "అయితే ఈ పిల్ల బట్ట గడప దాటిందన్నట్టు. మరి పిల్ల సుత పోవాలె."

చిన్నాయన క్లాసు నుంచి అప్పుడే వచ్చాడు. సంగతి చెప్పారు. ఆయన డౌట్స్ సెషన్‌లో మాట్లాడినట్టు నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, చున్నీ లోపల ఉన్న ఐటమ్ కాదు. అది ప్యాకింగ్. ప్యాకింగ్ లెక్కకు రాదు."

"లోపల ఏమున్నది? ఒక కోతిటోపీ, ఒక శాలువ, ఒక క్రీము. అండ్ల మంచిబట్ట అంటే గా చున్నీ ఒక్కటే."

"పోకపోతే ఏమయితది?"

"మీ నాయన తువ్వాల పరస్తానం పోయింది యాదగిరిగుట్టకు. ఆయన పోలేదు, పొలంల పనున్నదని. గా ఏడే బర్రె సచ్చింది."

"బర్రెకు వయసైపోయి సచ్చిందే అమ్మా."

"వయసైపోయిన బర్రెలు ఊళ్లె ఇంక పది ఉండె. మనదే సచ్చింది."

చిన్నాయన ముషర్రఫ్ భాయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మూటకు కట్టిన చున్నీ తీసి వేరే గుడ్డ కట్టొచ్చా అని అడిగాడు.

"అమ్మీ ముట్టనిస్త లేదన్నా. నా పాస్‌పోర్టు, లైసెన్సు సుత గదే అల్మారీల ఉన్నయి. అవి సుత ఇస్త లేదు. బుధవారం అంటుంది."

చిన్నమ్మ బట్టల దొంతర పక్కన పెట్టింది. "అత్తమ్మా, అయిదుగురు పట్టరు. నేను వద్దంటున్ననా? ఇంట్ల ఎవరన్న ఉండాలె. రోజు విడిచి రోజు నీళ్లొస్తయి, మోటరెయ్యాలె."

"నేను లేనా?"

"నీకు మోటరెయ్య వచ్చా?"

"ఊళ్లె మూడెకరాలకు నీళ్లు పెట్టిన. గీ డ్రమ్ముకు పెట్టనా?"

ఇంతసేపూ ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. అడిగితే పోతానని చెప్పాలని సిద్ధంగా ఉన్నాను. చిన్నాయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆ అవకాశం అలా అయిపోయింది.

చివరికి చిన్నాయనకే ఉపాయం తోచింది. "అమ్మా, ఊరి పొలిమేర దాటితే ప్రయాణం అయినట్టేనా?"

బాపమ్మ చేట ఆపింది. అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం ఉండదు. "దాటితే అయినట్టే" అన్నది, అయిష్టంగా.

"అయితే సుకన్యను పొలిమేర దాక తీస్కపోతం. అక్కడ దించి బస్సెక్కిస్తం."

హైదరాబాద్ పొలిమేర ఎక్కడ అన్నదాని మీద అరగంట చర్చ జరిగింది. చిన్నాయన బోయిన్‌పల్లి అన్నాడు. బాపమ్మ ఒప్పుకోలేదు. పొలిమేర దాటితే పొలాలు కనబడాలె అన్నది. "అట్లయితే నాగపూర్ దాక తీస్కపోవాలె పెద్దమ్మా, అంతదాక ప్లాట్లే" అన్నాడు ముషర్రఫ్ భాయ్ స్పీకర్‌లో. ఆయన ఇంకా లైన్‌లోనే ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఆఖరికి ఔటర్ రింగ్ రోడ్డు అవతల మేడ్చల్ ఖాయమయింది.

ఆ రోజు డైరీలో 'మేడ్చల్' అని ఒక్క మాట రాశాను.

మంగళవారం బాపమ్మ మోటారు స్విచ్ ఎక్కడుందో నాతో చూపించుకుంది. ట్యాంకు నిండితే ఎట్ల తెలుస్తదని అడిగింది. పైపులోంచి నీళ్లు కారే చప్పుడు వినబడుతుందని చెప్పాను. మళ్లీ సాయంత్రం ఇంకోసారి చూపించమన్నది. తర్వాత బాల్కనీలోకి పోయి మా నాయనకు ఫోన్ చేసింది. "పిల్ల పోతది" అన్న మాట వినబడింది. ఎంతవరకో చెప్పిందో లేదో బస్సుల చప్పుడులో వినబడలేదు.

రాత్రి అన్నాల ముందు నా బట్టలు నాలుగు జతలు ఒక చేతిసంచిలో పెట్టింది. చిన్నాయన చూశాడు.

"మేడ్చల్ పోయి వచ్చేటందుకు నాలుగు జతలా?"

"ఒట్టి చేతులతోని పోతే అది ప్రయాణం ఎట్లయితది?"

నియమాలు బాపమ్మవి కాబట్టి ఆయన ఊరుకున్నాడు.

బుధవారం ఐదింటికి బయలుదేరాము. బాపమ్మ గడపలో నిలబడింది. అందరికీ జాగ్రత్తలు చెప్పింది, నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. నా సంచి జిప్పు సగం తెరిచి ఉంటే వేసింది.

పంజాగుట్టలో ఇక్బాల్ బేగం కారు దగ్గరికి వచ్చి మూట ఇచ్చింది. కొడుకు భుజానికి ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం చల్లగా జరగాలని చిన్న గుడ్డపట్టీలో నాణెం కుట్టి కడతారు. మా వాళ్లకు కూడా తలా ఒకటి తెచ్చింది. నా వంతు వచ్చినప్పుడు చిన్నాయన, "ఆమె మేడ్చల్ దాకనే అమ్మీ" అన్నాడు.

"మేడ్చల్ సుత సఫరే" అని ఆమె నాకూ కట్టింది.

ముషర్రఫ్ భాయ్ నడిపాడు. పక్కన చిన్నాయన. వెనక కుడి తలుపు దగ్గర చిన్నమ్మ, నడుమ మంజూష అక్క, ఎడమ తలుపు దగ్గర నేను. పెద్ద టెంటు నా కాళ్ల దగ్గర, చిన్న టెంటు నా ఒళ్లో, దాని మీద మూట. నాకు రోడ్డు సరిగా కనబడలేదు. బేగంపేట, ప్యారడైజ్, బోయిన్‌పల్లి పేర్లు చిన్నాయన చదువుతుంటే తెలిశాయి. టెంటు గుడ్డ కొత్త రెయిన్‌కోటు వాసన వేసింది. బోయిన్‌పల్లి దగ్గర చిన్నమ్మ నా వైపు తిరిగి, "బరువుందా?" అని అడిగింది. లేదన్నాను. కొంపల్లి దగ్గర ఇంకోసారి అడిగింది.

ఆరుంబావుకు మేడ్చల్‌లో బస్టాండు ఎదురుగా ఆగాము. చిన్నమ్మ కారు దిగి, ఇటువైపు వచ్చి, కిటికీలోంచి మూట అందుకుని విప్పింది. కోతిటోపీ చిన్నాయనకు, ట్యూబు అక్కకు ఇచ్చింది. శాలువా తాను కప్పుకుంది. చున్నీ దులిపి నాకు ఇచ్చింది. పసుపు మరకలు పడ్డాయి.

"దిగు బిడ్డా" అన్నాడు చిన్నాయన. "అగో, సికింద్రాబాద్ బస్సు. అక్కడ దిగి మెట్రో ఎక్కు. ఇంటికి పోంగనే ఫోన్ చెయ్యి. ఆధార్ తెచ్చుకున్నవా? లేకుంటే టికెట్ కొడతరు."

ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఆధార్ చూపించాలి. నేను తలుపు తీశాను. ఒళ్లోని టెంటు సీటు మీద పెట్టి, ఒక కాలు కింద పెట్టాను. సంచిలోంచి కవరు తీశాను. ఉందో లేదో చూద్దామని చిన్నాయన ముందు సీట్లోంచి చేయి చాపాడు. ఇచ్చాను.

కవరులో ఆధార్ కార్డు ఉంది. దాని జిరాక్సులు నాలుగు ఉన్నాయి. పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగు ఉన్నాయి. మంగళవారం పొద్దున కూరగాయలకు పోయినప్పుడు తీయించాను. ఎందుకు తీయించానో అప్పుడు ఆలోచించలేదు.

"నాలుగు జిరాక్సులు ఎందుకు?" అన్నాడు చిన్నాయన. "బస్సుల ఒరిజినలే చూస్తరు."

"బస్సుకు కాదు" అన్నాను.

"మరి?"

"లేహ్‌లో పర్మిట్‌కు. నలభై ఒకటో పేజీ. ఒక్కొక్కరికి ఆధార్ జిరాక్సులు నాలుగు, ఫోటోలు నాలుగు."

చిన్నాయన నా మొహం చూసి, కవరు చూసి, చిన్నమ్మను చూశాడు. "మనయి తెచ్చినమా?" అని అడిగాడు.

"ఏమో, నువ్వు పెట్టినవనుకున్న."

"నేను నువ్వు పెట్టినవనుకున్న. మంజూషా?"

అక్క చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసింది. "ఏంటివి?"

ముషర్రఫ్ భాయ్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి రోడ్డు వైపే చూస్తూ, "అమీర్‌పేటల ఉండి జిరాక్స్ మర్చిపోయినం" అన్నాడు. "విజయన్నా, నిజం చెప్తున్న, నేను నోట్స్ చదువలే. స్టూడెంట్లే చదువరు, నేనేం చదువుత."

"చెప్పింది నేనే కదా, మళ్ల చదువుడెందుకని" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ కాపీ ముందు అద్దం దగ్గర ఉంది, మడత కూడా పడలేదు. అక్క కాపీ ఇంట్లోనే ఉండిపోయింది.

"ముందట యాడనన్న తీపిస్తం. అదేం పెద్ద ముచ్చట కాదు" అన్నాడు చిన్నాయన. కవరు మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. "ఇంకేమున్నయి అండ్ల, మనం మర్చిపోయినయి?"

చాలా ఉన్నాయి. ఎత్తుకు తల తిరగకుండా చండీగఢ్ దాటాక డాక్టర్ సలహాతో వేసుకోవాల్సిన మాత్రలు, అదనపు టైరు, డీజిల్ డబ్బా. అవి ఏ పేజీల్లో ఉన్నాయో కూడా తెలుసు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. సికింద్రాబాద్ బస్సు స్టార్ట్ అయింది. కండక్టర్ ఊళ్ల పేర్లు పిలిచాడు.

"నాకు చంద్రతాల్ చూడాలని ఉంది" అన్నాను.

అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. పక్కన పాల ప్యాకెట్లు దించుతున్న మనిషి తిరిగి చూశాడు. అక్క రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసింది. నేను ఇంకా ఏదైనా చెబుతానేమో అని అందరూ చూస్తున్నట్టున్నారు.

"మీ నాయనకు ఏం చెప్పాలె?" అన్నాడు చిన్నాయన.

"బాపమ్మ నిన్ననే చెప్పింది. పిల్ల పోతది అని."

చిన్నాయన కోతిటోపీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. "మేడ్చల్ దాకనా, లద్దాఖ్ దాకనా?"

"అది నాకు వినబడలేదు."

"టెంట్లు ఎక్కడ పెట్టాలె మరి" అన్నాడు ఆయన. అది నన్ను అడిగినట్టు లేదు.

"ఇప్పటిదాక ఎక్కడున్నయి?" అన్నాడు ముషర్రఫ్ భాయ్.

"నా ఎర్ర జాకెట్ ఈమెకిస్త" అన్నది మంజూష అక్క. "నాకు రెండున్నయి. కానీ కిటికీ మాత్రం ఝాన్సీ నుంచి నాది."

సికింద్రాబాద్ బస్సు మా పక్కనుంచి వెళ్లిపోయింది. చిన్నాయన దాన్ని అద్దంలో చూశాడు. ఆయన అవునని అనలేదు. కవరు తీసి, డ్యాష్‌బోర్డులో కారు కాగితాల పక్కన పెట్టి మూత వేశాడు.

చిన్నమ్మ ఇంకా నా తలుపు దగ్గరే నిలబడి ఉంది. సీటు మీది టెంటు తీసి నా ఒళ్లో పెట్టింది. కింద ఉన్న నా కాలు వైపు చూసింది.

"కాలు లోపట పెట్టు" అన్నది.

పెట్టాను. ఆమె తలుపు వేసింది.